మూడా, నాలుగా

మా డిపార్ట్‌మెంట్‌లో నాకు నోరెక్కువని పేరు. "ఈ నగాయే పిల్ల మైక్రోస్కోపు ముందు కూర్చుంది కాబట్టి సరిపోయింది గానీ, రోగుల్ని చూసే డాక్టరై ఉంటే ఈపాటికి ఎవరో ఒకరు చెంప పగలగొట్టి ఉండేవారు" అని మా పెద్దాయన తొకుమారుగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. చెప్పి తనే నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. నోరున్నదాన్ననే పొగరు నాకు బాగానే ఉండేది. ఆ నోరు పనికిరావాల్సిన రోజు ఒకటి వచ్చింది, రెండోది కూడా వచ్చింది. ఆ రెండు రోజుల గురించే ఇప్పుడు చెప్తున్నాను. వినేవాళ్ళకి నామీద జాలి కలగాలని కాదు. కలిగితే అది వాళ్ళ ఖర్మ.

శరీరంలోంచి కోసి తీసిన ముక్కని సన్నగా తరిగి, రంగు వేసి, అద్దం కింద చూసి జబ్బేమిటో చెప్పడం మా పని. మనిషి కనపడడు. ముక్క కనపడుతుంది, దాని నంబరు కనపడుతుంది. అందులో పెద్ద సుఖం ఉందని నేను చాలాకాలం అనుకున్నాను.

ఏటా ఆకులు ఎర్రబడే రోజుల్లో మా డిపార్ట్‌మెంట్ అంతా ఒక బస్సు మాట్లాడుకుని వేడినీటి బుగ్గల దగ్గరికి పోయేది. ఎనభై తొమ్మిదిలో మా బస్సుకి గైడుగా వచ్చిన పిల్ల పేరు కియుచి చిజురు. ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి. నీలం రంగు టోపీ, తెల్ల చేతి తొడుగులు. బస్సు కదలకముందే మైకు అందుకుంది.

"డాక్టర్లందరికీ దండాలు. ఇంతకీ మీరు రోగుల్ని చూసే డాక్టర్లా, కాదా?"

"కాదు, ముక్కల్ని చూసే డాక్టర్లం" అన్నాను నేను.

"అమ్మో! అయితే డ్రైవరన్నా, మలుపుల దగ్గర కాస్త నెమ్మది. వీళ్ళకి పని కల్పించకు."

బస్సంతా గొల్లుమంది. దారి పొడుగునా ఆ పిల్ల నోరు మూతపడలేదు. ఏ కొండకి ఏ పేరు, ఏ వాగులో ఏ రాకుమారి దూకింది, ఏ ఊళ్ళో ముల్లంగి పచ్చడి బాగుంటుంది, అన్నీ చెప్పింది. మధ్యమధ్యలో పాటలు. సాకే సారా రెండో సీసా అయ్యాక తొకుమారుగారు మైకు లాక్కుని జానపదం ఒకటి ఎత్తుకున్నారు. చిజురు ఓపిగ్గా ఒక చరణం దాకా విని, "తాతగారూ, ఆ పాట ఇంకా బతికే ఉందండీ. అప్పుడే పోస్టుమార్టం మొదలెట్టారేం?" అంది. ఆయన ముఖం చూసి నేను నవ్వాపుకోలేక కడుపు పట్టుకున్నాను. నాకంటే నోరున్న మనిషిని చూడడం నాకదే మొదలు, ఆ పిల్ల నాకు ఎంత నచ్చిందో చెప్పలేను.

నాలుగు నెలల తర్వాత, ఫిబ్రవరిలో, గురువారం మీటింగులో తెరమీద ఒక స్కాను వేశారు. పక్కన పేరు. కియుచి చిజురు.

బస్సులో మైకు పట్టుకుని నిలబడి ఉండగా, నాలుగొందలసార్లు చెప్పిన నది పేరు నోటికి రాలేదట. ఆ తర్వాత వంతెన పేరు రాలేదట. వారంలోపల కుడిచెయ్యి పట్టు తప్పింది. మెదడు ఎడమవైపు ముందుభాగంలో, మాట పుట్టేచోట, కోడిగుడ్డంత మచ్చ. దాని అంచున తెల్లటి వలయం.

మెదడు ఆపరేషన్లకి మా ఆసుపత్రిలో అకుత్సు ప్రొఫెసర్‌గారే అధిపతి. గురువారం ఆయన ముందు నడిస్తే వెనక ముప్పైమంది నడిచేవాళ్ళం. ఆయన ఒక స్కాను చూసి పేరు పెట్టాక, ఆ రోగానికి ఇంకో పేరు ఉండడం మా ఊళ్ళో ఎప్పుడూ జరగలేదు. ఆయన తెరవైపు గడ్డంతో చూపించి, "గడ్డ. చెడ్డది. మూడో గ్రేడో, అంతకంటే చెడ్డ నాలుగో గ్రేడో ముక్క తీసినప్పుడు తేలుతుంది" అన్నారు.

వెనక వరసలోంచి నిషివాకి అనే కుర్ర న్యూరాలజిస్టు చెయ్యెత్తాడు. "సార్, ఆ వలయం ఒకవైపు తెరుచుకుని ఉంది. గడ్డకైతే చుట్టూ మూసుకుని ఉంటుంది కదండీ. వయసు చిన్నది, జబ్బు గబగబా వచ్చింది. ఇది వాపేమో. నరాల మీది తొడుగు ఊడిపోయే వాపు ఒక్కోసారి అచ్చం గడ్డలాగే కనపడుతుందంటారు. ఒక వారం స్టెరాయిడ్ ఇచ్చి చూస్తే..."

"ఇస్తే ఏమవుతుంది?"

"వాపైతే తగ్గుతుందండీ."

"కొన్ని గడ్డలూ తగ్గుతాయి. తగ్గిపోయాక ముక్క తీస్తే అందులో ఏం మిగులుతుంది? ఏమండీ తొకుమారుగారూ, ఏమన్నా కనపడుతుందా మీకు?"

"ఏమీ కనపడదు" అన్నారు మా పెద్దాయన. అది నిజమే. ముందే స్టెరాయిడ్ పడితే మా అద్దం కింద అంతా బూడిద. అకుత్సుగారు మూర్ఖుడు కాదు, అదే పెద్ద చిక్కు. ఆయన ప్రతి మాటకీ ఒక సరైన కారణం ఉండేది. నిషివాకి కూర్చున్నాడు. ఆ ఏప్రిల్లో వాణ్ణి ద్వీపాల్లోని ఒక చిన్న ఆసుపత్రికి బదిలీ చేశారు.

ఆ రోజుల్లో కేన్సరని రోగికి చెప్పేవాళ్ళం కాదు. ఇంట్లోవాళ్ళని వేరే గదిలోకి పిలిచి వాళ్ళకి చెప్పేవాళ్ళం. రోగికి ఏం చెప్పాలో అక్కడే కూడబలుక్కునేవాళ్ళం. తప్పనిపించేది కాదు, మర్యాద అనిపించేది. చిజురుకి తండ్రి లేడు. తల్లి తోయోగారు చేపలు ఎండబెట్టి అమ్ముకునే మనిషి. ఆవిడని కూర్చోబెట్టి అకుత్సుగారు కేన్సరన్నారు. ఏడాదిన్నర, మహా అయితే రెండేళ్ళు అన్నారు. చిజురు మంచం దగ్గరికి వెళ్ళి, "కంగారేం లేదమ్మా, మెదడులో చిన్న వాపు. తెరిచి శుభ్రం చేస్తాం" అన్నారు. తల్లి పక్కనే నిలబడి తల ఊపింది.

నేను రోగుల దగ్గరికి వెళ్ళే మనిషిని కాను. అయినా ఆ సాయంత్రం నాలుగో అంతస్తుకి వెళ్ళాను. తలకి రుమాలు కట్టుకుని చిజురు కిటికీ దగ్గర కూర్చుని ఉంది. నన్ను చూడగానే కళ్ళు మెరిశాయి.

"ముక్కల డాక్టరమ్మ! అప్పుడే వచ్చేశారా? నేనింకా... ఇంకా... ముక్కలవలేదే!"

"ముందే వచ్చి మంచి ముక్క ఎంచుకుందామని" అన్నాను.

నవ్వింది. మాట కోసం వెతుక్కుంటూ నవ్వడం చాలా కష్టమని అప్పుడు చూశాను. "వాపేనట. తీసేస్తే ఏప్రిల్ కల్లా... అదీ... చక్రాలుంటాయే..."

"బస్సు."

"ఆఁ, అదే. చెర్రీపూల ట్రిప్పులు నావే. నా ముక్క మీరే చూస్తారా?"

"నేనే చూస్తాను."

"బాగా చూడండి మరి. నాకు మాటే కూడు."

ఆ గది మూలన తోయోగారు కమలాపండు వలుస్తూ కూర్చుంది. బయటికి వచ్చేటప్పుడు నాతో పాటు వరండాలోకి వచ్చి, "మా పిల్లకి తెలిసిపోలేదు కదమ్మా?" అని అడిగింది. లేదన్నాను. ఆవిడ నాకు నడుం వంచి దండం పెట్టింది. నేనూ పెట్టాను.

ఆపరేషన్ రోజున మా గది ఎలా ఉండేదో చెప్పాలి. థియేటర్ పక్కనే చిన్న గది. గోడకి ఒక స్పీకరు. లోపల పుర్రె తెరిచి, చిటికెనవేలి గోరంత ముక్క పంపిస్తారు. దాన్ని మేం మంచులా గడ్డకట్టించి తరిగి, ఇరవై నిమిషాల్లో మాట చెప్పాలి. మా మాట కోసం అందరూ చేతులు పైకి పట్టుకుని నిలబడి ఉంటారు. మా డిపార్ట్‌మెంట్‌లో ఒక ఆచారం ఉండేది. చూసేది పెద్దాయన, స్పీకర్లో చెప్పేది చిన్నవాళ్ళు. గొంతు అలవాటు కావాలని అనేవారు. తేడా వస్తే పోయేది చిన్నవాళ్ళ గొంతేనని ఎవరూ అనేవారు కాదు.

ముక్క వచ్చింది. దాన్ని గడ్డకట్టించడానికి ఇచ్చి, చిన్న నలుసు ఒకటి రెండు అద్దాల మధ్య నలిపి చూశాను. నురగతో ఉబ్బినట్టుండే కణాలు, గుంపులు గుంపులుగా. మెదడులో ఏదైనా చెడిపోతే దాన్ని మింగి శుభ్రం చేసే పాకీ కణాలవి. గడ్డలో అవి అంతంత గుంపులుగా ఉండవు. వాపులో ఉంటాయి.

"పెద్దాయనా, ఇది గడ్డ కాదేమో చూడండి" అన్నాను.

తొకుమారుగారు వచ్చి నలిపిన అద్దం చూడలేదు, గడ్డకట్టించిన స్లైడు చూశారు. అందులో ఆ కణాల నురగ కరిగిపోయి, గడ్డ కణాల్లాగే కనపడతాయి. ఈ జబ్బు దగ్గర అందరూ బోల్తా పడేది అక్కడే. "ఇదిగో విభజన" అన్నారాయన వేలు పెట్టి. "కణం రెండుగా చీలుతోంది. ఇంకేం కావాలి?"

"చీలడం కాదండీ, కేంద్రకం చితికింది. వాపులోనూ అలాగే ఉంటుంది. ముందు ఇది చూడండి."

అప్పుడే స్పీకర్లోంచి అకుత్సుగారి గొంతు వచ్చింది. "ఏమండీ, మూడా, నాలుగా?"

నేను తొకుమారుగారి వైపు చూశాను. ఆయన గొంతు తగ్గించి, "అడిగింది విన్నావుగా" అన్నారు.

"వాపో గడ్డో చెప్పలేమని చెప్దాం. కుట్టేసి వారం ఆగమందాం."

"వాపా గడ్డా అని ఆయన అడిగాడా? అడగనిదానికి జవాబు చెప్పడానికి నువ్వెవరివి? తల తెరుచుకుని ఉందక్కడ. చెప్పు."

"మూడా, నాలుగా?" మళ్ళీ వచ్చింది, ఈసారి కాస్త విసుగ్గా.

నేనేం ఆలోచించానో చెప్తాను. నాలుగంటే ఆయన ఇంకా లోతుకి పోయి, చుట్టూ ఉన్నదంతా ఊడ్చేస్తాడు. మూడంటే కాస్త తక్కువ కోస్తాడు. ఆ పిల్లకి నేను చేయగలిగిన మేలు అదేననుకున్నాను. ఎంత తెలివో చూడండి. మంచం మీది మనిషిని కాపాడడానికి ఒక్క మాట చాలు, "కాదు" అనే మాట. అది నా నోట్లో లేకుండా పోయింది. మీట నొక్కి, "మూడు" అన్నాను.

"మంచిది" అన్నారు అకుత్సుగారు. తర్వాత చాలాసేపు గొట్టం పీల్చే చప్పుడు వచ్చింది. స్పీకరు ఆపడం మర్చిపోయారు.

చిజురుకి మెలకువ వచ్చేసరికి ఒక్క మాట లేదు. మనం చెప్పేది అంతా అర్థమయ్యేది, జవాబు రాదు. నోరు తెరిచి, రాక, పెదవులు కొరుక్కుని, మళ్ళీ తెరిచేది. తర్వాత కొంచెం కొంచెంగా రావడం మొదలైంది. నర్సులు ఒక కాగితం మీద రాసి పెట్టారు. పదో రోజుకి పదకొండు మాటలు. అమ్మ, నీళ్ళు, చలి, వద్దు, కిటికీ... పదకొండోది బస్సు. ఆ మాట వచ్చిన రోజున నర్సులు చప్పట్లు కొట్టారట.

ఆ పదో రోజునే నా అసలు స్లైడులు తయారయ్యాయి. తొందర లేకుండా, రకరకాల రంగులు వేసి చేసినవి. కరెంటు తీగకి ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది చూడండి, నరానికీ అలాంటి తొడుగు ఉంటుంది. ఒక రంగు తొడుగుని చూపిస్తుంది, ఇంకో రంగు తీగని చూపిస్తుంది. చిజురు ముక్కలో తొడుగు మొత్తం ఊడిపోయింది, తీగలు మాత్రం వరసగా చెక్కుచెదరకుండా ఉన్నాయి. గడ్డ అలా చేయదు. సందేహానికి సందు లేదు. అది వాపు. నిషివాకి చెప్పిన వాపు. వారం స్టెరాయిడ్‌తో సగానికి సగం తగ్గి ఉండే వాపు. తల్లితో కూడబలుక్కుని అకుత్సుగారు చిజురుకి చెప్పిన అబద్ధం ఉందే, అదే నిజం.

స్లైడులు పట్టుకుని తొకుమారుగారి గదికి వెళ్ళాను. ఆయన ఒక్కొక్కటీ తాపీగా చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"నువ్వు చెప్పిందే నిజం" అన్నారు.

"రిపోర్టు అలాగే రాస్తాను. రేపోమాపో రేడియేషన్ కరెంటు పెట్టాలనుకుంటున్నారట. ఇలాంటి మెదడుకి కరెంటు పెడితే మిగిలింది కూడా మాడిపోతుంది."

"రాయి. రాసి తీసుకురా. కింద నా ముద్ర పడాలిగా, అప్పుడు మాట్లాడుకుందాం." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "రాసేముందు ఒకటి ఆలోచించు. ఆ ఆపరేషన్ తాలూకు కాగితంలో ఏముందో తెలుసా? 'మూడో గ్రేడు అని డాక్టర్ నగాయే స్పీకర్లో చెప్పారు, దాని ప్రకారం పూర్తిగా తీసివేశాం' అని ఉంది. నా పేరు లేదు. అకుత్సు తప్పు కూడా కనపడదు. ఆయన అడిగాడు, నువ్వు చెప్పావు."

నేను స్లైడులు ఏరి పెట్టెలో సర్దుకోసాగాను.

"నీకు ముప్పై ఒకటేనా? ఇంకా ముప్పై ఏళ్ళ ఉద్యోగం ఉంది. పైగా ఆడదానివి, నిన్ను ఇంకెవరు తీసుకుంటారమ్మా?" ఆయన నిజంగా ఆప్యాయంగానే అన్నారు. "పోయిన మాట తిరిగి రాదు."

తిరిగి వచ్చినవి పదకొండున్నాయని అనాల్సింది. అనలేదు. నా బల్ల దగ్గరికి వెళ్ళి, "గ్రేడ్ మూడు గడ్డ, వాపు లక్షణాలు కూడా ఉన్నవి" అని రాశాను. ఆయన ఎర్రటి ముద్ర వేశారు.

ఆ కవరు అకుత్సుగారికి ఇవ్వడానికి నేనే వెళ్ళాను. ఆయన గది బయట వరండాలో తోయోగారు ఉంది. ఆయన ముందు నేలమీద మోకాళ్ళ మీద కూర్చుని, "మీరు మొత్తం తీసేశామన్నారు గానీ బాబూ, ఇంకా ఏదన్నా ఉంటే ఆ కరెంటు కూడా పెట్టండి. పిల్ల బతికితే చాలు. మాట లేకపోయినా పర్లేదు" అంటోంది. ఆయన ఇబ్బందిగా లేవండి లేవండి అంటున్నారు. నన్ను చూసి, "ఇదిగో, రిపోర్టు కూడా వచ్చింది" అని కవరు తీసుకుని విప్పారు.

తోయోగారు నన్ను గుర్తుపట్టింది. నా కోటు అంచు పట్టుకుంది. "డాక్టరమ్మా, మా పిల్లంటే మీకు ఇష్టం. మీరే చెప్పండి. పెట్టించమంటారా?"

రెండో రోజు కూడా వచ్చిందన్నానే, అదే ఇది. అకుత్సుగారు కాగితం చదువుతూనే ఉన్నారు. ఆవిడ చేతికి ఎండు చేపల వాసన. కళ్ళు నా నోటి మీదే ఉన్నాయి.

"సార్ చెప్పినట్టు చేయండమ్మా" అన్నాను.

ముప్పై సార్లు పెట్టారు. చెర్రీపూలు రాలిపోయి మే వచ్చేసరికి ఆ పదకొండు మాటలూ పోయాయి. కుడికాలు కూడా ఈడ్చడం మొదలైంది.

చిజురు చావలేదు. ఎందుకు చస్తుంది, కేన్సరైతే కదా. రెండేళ్ళు దాటింది, అయిదు దాటింది. ప్రతి ఏటా పెద్ద మీటింగులో అకుత్సుగారు ఆ స్కానులు వేసి, "మూడో గ్రేడు, ఇన్నేళ్ళుగా మళ్ళీ రాలేదు" అనేవారు. హాలంతా చప్పట్లు. పదో ఏట తల్లీకూతుళ్ళిద్దర్నీ వేదిక మీదికే పిలిపించారు. తోయోగారు నడుం విరిగేలా వంగి నలుదిక్కులా దండాలు పెట్టింది. నేను నాలుగో వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను. నన్ను ఉరి తీయాల్సిన పని.

తొకుమారుగారు పోయారు. అకుత్సుగారు రిటైరై మనవళ్ళని ఆడిస్తున్నారు. నేను ఇప్పుడు ఆ గదికి పెద్దదాన్ని. పదిహేనో ఏట, పోయిన అక్టోబరులో ఒక ఆదివారం పొద్దున లేచి, రైలెక్కి, సముద్రం ఒడ్డున తోయోగారి ఇంటికి వెళ్ళాను. ఇక మొయ్యలేకపోయాను. ఎవరి కోసం వెళ్ళానంటే నా కోసమే వెళ్ళాను.

తోయోగారికి డెబ్బై దాటాయి. నన్ను చూసి పొంగిపోయింది. "ముక్కల డాక్టరమ్మ వచ్చిందే చిజురూ!" అని కేకేసింది. చిజురు తక్కువెత్తు బల్ల దగ్గర, ఎడమచేత్తో చిక్కుడుకాయలు వలుస్తోంది. ముఖం ఉబ్బింది, జుట్టు పలచబడింది. నన్ను చూసి నవ్వింది.

"సరే" అంది.

"ఆ ఒక్కటే వస్తుందమ్మా" అంది తల్లి. "రెండేళ్ళనాడు వచ్చింది. అన్నిటికీ అదే. తల ఊపినా అవునో కాదో తెలీదు, అడ్డదిడ్డంగా ఊపుతుంది. పోనీలెండి, ప్రాణం ఉంది. మీ అందరి చలవ."

టీ తాగకముందే చెప్పేశాను. కేన్సర్ కాదని, వాపని, మందులతో పోయేదని. స్పీకర్లో మూడన్నది నేనేనని. కరెంటు పెట్టాల్సిన పనే లేదని, దానివల్లే ఉన్న మాటలూ పోయాయని. అన్నీ వరసగా, రిపోర్టు చదివినట్టు చదివాను. నుదురు చాపకి ఆనించి క్షమించమన్నాను.

తలెత్తి చూస్తే తోయోగారు నావైపు చూడడం లేదు.

"వాపేనా?" అంది.

"వాపేనమ్మా."

"దానికి వాపని చెప్పాం. పదిహేనేళ్ళుగా ఎదురుగా కూర్చుని అబద్ధం చెప్తున్నానే, నోరెలా వస్తోందే నాకు అని రోజూ అన్నం దగ్గర ఏడ్చుకున్నాను. అదొక్కటే నిజమా?" ఆవిడ గొంతు చిన్నగా ఉంది. "కరెంటు నేను పెట్టించాను. ఆయన వద్దన్లేదు గానీ పెడతాననీ అన్లేదు. నేను కాళ్ళమీద పడి పెట్టించాను. మాట లేకపోయినా పర్లేదన్నాను. ఈ నోటితోనే అన్నాను."

"మీ తప్పేం లేదు. నేను అక్కడే ఉన్నాను, నేను చెప్పి ఉంటే..."

"మీరు ఆగండి."

ఆవిడ మోకాళ్ళ మీద కూతురివైపు తిరిగింది. చిక్కుడు తొక్కల మధ్యే రెండు చేతులూ ఆనించి, తల నేలకి పెట్టింది. ముసలి వీపు ఎగిరెగిరి పడుతోంది. "నన్ను క్షమించవే తల్లీ. నన్ను క్షమించు."

చిజురుకి అంతా అర్థమైంది. మాట పోయింది గానీ వినికిడీ, బుద్ధీ ఎక్కడికీ పోలేదు. ముందు నన్ను చూసింది. తర్వాత తల్లి తలవైపు చూసింది. చేతిలోని కాయ కింద పెట్టింది. నోరు తెరిచింది, మూసింది. మెడ నరాలు లేచాయి, ముఖం ఎర్రబడింది, లోపల ఎక్కడో ఏదో మాట కోసం కుస్తీ పడుతోంది. అది తిట్టో, ఓదార్పో, ఇన్నేళ్ళుగా దాచుకున్న ఇంకేదో.

"సరే" అంది.

తోయోగారు తలెత్తింది. "క్షమించావా?"

"సరే."

"క్షమించలేదా? చెప్పవే, ఏదైనా పర్లేదు, క్షమించలేదా?"

"సరే" అంది చిజురు, కళ్ళనీళ్ళు కారిపోతుండగా. "సరే, సరే, సరే."

నేను చెప్పులు వేసుకుని బయటికి వచ్చాను. ఎవరూ గుమ్మందాకా రాలేదు. స్టేషన్ దాకా నడుస్తుంటే ముసలావిడ గొంతు ఇంకా వినపడుతున్నట్టే ఉంది, అదే ప్రశ్న మళ్ళీ మళ్ళీ అడుగుతూ.